పని మనది, పైకం ఎవరి ఖాతాలోకి?

(ఇంట్లో ఉండి స్వతంత్రంగా పనిచేసుకుంటున్న స్త్రీల సమస్యలపై జరిగిన కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సమావేశంలో పొద్దుటి నుండి బీడీలు చుట్టే స్త్రీల గురించి, మిషను కుట్టే స్త్రీల గురించి, పచ్చళ్ళు పట్టి అమ్ముకునే స్త్రీల గురించి విన్నాం. నేను చేసే పని చూడటానికి వీటికి భిన్నంగా ఉంటుంది. నేను వెబ్‌సైట్లు తయారుచేస్తాను. విజయవాడలో మా ఇంట్లోనే ఒక గదిలో కంప్యూటరు పెట్టుకుని బట్టల కొట్లకు, స్కూళ్ళకు, డాక్టర్లకు, స్వచ్ఛంద సంస్థలకు, అప్పుడప్పుడు విదేశాల్లో ఉన్న తెలుగువాళ్ళకు సైట్లు చేసి ఇస్తాను. నాకు యజమాని లేడు, నెల జీతం లేదు. పని ఒప్పుకుని, చేసి ఇచ్చి, డబ్బు తీసుకోవడమే.

కంప్యూటరు ముందు కూర్చుని చేసే పని కాబట్టి మా సమస్యలు వేరని కొందరు అనుకుంటారు. కాని బీడీ కార్మికురాలికీ నాకూ ఒక విషయంలో తేడా లేదు. ఇద్దరమూ ఇంటి గడప లోపలే ఉండి పని చేస్తాం. ఇంట్లో ఉండి చేస్తున్నాం కాబట్టి అది పనిలా కాక కాలక్షేపంలా కనబడుతుంది. దానికి వచ్చే డబ్బు సంపాదనలా కాక చేతిఖర్చులా కనబడుతుంది. అందుచేత ఈరోజు నేను సైటు ఎలా తయారుచేయాలో చెప్పబోవడం లేదు. చేసిన పనికి డబ్బు ఏ దారిన తీసుకోవాలి అన్న ఒక్క విషయమే మాట్లాడతాను.

పని ఖాయమయ్యాక ఎవరైనా అడిగే ప్రశ్న, “డబ్బు ఎలా పంపమంటారండీ?” అని. చాలా చిన్న ప్రశ్న. కాని మనం ఇచ్చే జవాబు మూడు సంగతులను తేలుస్తుంది. ఆ డబ్బు ఎవరి పేరున వస్తుంది, ఎప్పుడు వస్తుంది, కోతలు పోను ఎంత మిగులుతుంది. ఈ మూడింటిలో మొదటిదాన్ని మనం అసలు ప్రశ్నగానే గుర్తించం. అందుకే దానితోనే మొదలుపెడతాను.

ఎవరి పేరున?

మన ధర్మశాస్త్రాల్లో స్త్రీధనం గురించి చాలా చర్చ ఉంది. పెళ్ళిలో అగ్నిసాక్షిగా ఇచ్చినది, పుట్టింటివారు ప్రేమతో ఇచ్చినది స్త్రీధనమే. కాని కాత్యాయన స్మృతి ప్రకారం స్త్రీ తన శిల్పంతో, అంటే చేతి నైపుణ్యంతో, సంపాదించిన డబ్బు మీద మాత్రం పెత్తనం భర్తది. గమనించండి. ఊరికే ఇచ్చినది ఆమెది, కష్టపడి సంపాదించినది ఆయనది! నేను చేసే డిజైను పని కూడా శిల్పమే కదా. ఆ లెక్కన నా సంపాదన నాది కాదు.

1874లో వివాహిత స్త్రీల ఆస్తి చట్టం వచ్చింది. భార్య ఉద్యోగం వల్ల గాని, వృత్తి వల్ల గాని, సాహిత్య, కళా, శాస్త్ర నైపుణ్యాల వల్ల గాని సంపాదించుకున్నది ఆమె సొంత ఆస్తి అని అది చెప్పింది. అయితే హిందూ, ముస్లిం, బౌద్ధ, సిక్కు, జైన స్త్రీలను ఆ చట్టం నుండి మినహాయించారు. ముస్లిం స్త్రీ ఆస్తి ఆమెదేనని ఆ మత న్యాయం ముందు నుండీ ఒప్పుకుంటూనే ఉంది. హిందూ స్త్రీకి ఆ స్పష్టత 1956 నాటి హిందూ వారసత్వ చట్టం 14వ సెక్షనుతో వచ్చింది. సొంత నైపుణ్యంతో, శ్రమతో సంపాదించుకున్న ఆస్తికి ఆమే పూర్తి హక్కుదారు అని ఆ సెక్షను చెబుతుంది. 2005 నాటి గృహహింస నిరోధక చట్టం ఆర్థిక హింసను కూడా గృహహింసగానే గుర్తించింది.

అంటే చట్టంలో ప్రశ్న ఎప్పుడో తేలిపోయింది. ఆచరణలో తేలలేదు. నా దగ్గర పని నేర్చుకున్న ఒకమ్మాయి రాత్రుళ్ళు పిల్లవాణ్ణి పడుకోబెట్టి సైట్లు చేస్తుంది. డబ్బు మాత్రం భర్త నంబరుకు వస్తుంది. ఎందుకమ్మా అంటే, “ఆయన ఫోన్లో యాప్ ఉంది, సులువని” అంది. ఎంత వచ్చిందో ఆయన చెబితేనే ఆమెకు తెలుస్తుంది. ఇంకో చోట ఖాతా ఆమె పేరునే ఉంది. కాని బ్యాంకులో ఇచ్చిన ఫోన్ నంబరు భర్తది. ఓటీపీ ఆయనకు వస్తుంది, మెసేజీలు ఆయనకు వస్తాయి, ఏటీఎం కార్డు ఆయన పర్సులో ఉంటుంది. పాసుపుస్తకం మీద ఆమె పేరు అచ్చయినంత మాత్రాన అది ఆమె ఖాతా అవుతుందా?

కాబట్టి సొంత ఖాతా అంటే ఏమిటో విడమరచి చెప్పుకోవాలి. ఖాతా ఆమె ఒక్కదాని పేరున ఉండాలి. దానికి జోడించిన ఫోన్ నంబరు ఆమె వాడే నంబరై ఉండాలి, ఆ సిమ్ము ఆమె పేరున తీసుకున్నదై ఉండాలి. కార్డు, పిన్ ఆమె దగ్గర ఉండాలి. ఖాతాకు ఇచ్చిన ఈమెయిలు ఆమె తెరిచేదై ఉండాలి. “ఇద్దరిలో ఎవరైనా” తీసుకోగల ఉమ్మడి ఖాతా ఇంటి ఖర్చులకు బాగుంటుంది. అందులోకి తన వాటా ఆమె తానే పంపవచ్చు. కాని సంపాదన మొట్టమొదట వచ్చి పడే చోటు అది కాకూడదు. ఇంటికి ఇవ్వడం వేరు, ఇంటివాళ్ళు తీసుకోవడం వేరు.

దీనివల్ల నిజంగా తేడా వస్తుందా అని మీరు అడగవచ్చు. మధ్యప్రదేశ్‌లో ఉపాధి హామీ కూలి మీద ఎరికా ఫీల్డ్, రోహిణి పాండే మొదలైన ఆర్థికవేత్తలు ఒక పరిశోధన చేశారు. 2021లో అమెరికన్ ఎకనామిక్ రివ్యూలో అది అచ్చయింది. స్త్రీల కూలిని ఇంటి మగవాళ్ళ ఖాతాలో కాక వాళ్ళ సొంత ఖాతాలో వేసి, ఆ ఖాతా వాడటం నేర్పిన చోట, స్త్రీలు బయట పనికి వెళ్ళడం పెరిగింది. స్త్రీలు బయట పనిచేయకూడదన్న కట్టుబాటు పట్ల వాళ్ళ ఆలోచన కూడా మారింది. పనీ అదే, కూలీ అదే. మారింది డబ్బు చేరే చోటు, దానితోపాటు ఆ ఖాతా వాడటం నేర్పడం.

ఇది మనకు కొత్త పాఠం కాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారా మీద తిరగబడినప్పుడు వాళ్ళ ప్రశ్న కూడా ఇదే. కష్టపడిన కూలి ఇంటికి చేరకుండా ఎక్కడ పోతోందని అడిగారు. ఆ తరువాత జిల్లాలో పొదుపు ఉద్యమం అల్లుకుంది. రోజుకు రూపాయి దాచుకున్నారు. ఆ రూపాయి కంటే, దాన్ని తన పేరున రాసుకున్న పుస్తకం ఎక్కువ ధైర్యం ఇచ్చిందని అక్కడ పనిచేసినవాళ్ళు మీలో ఉంటే మీకే తెలుసు.

పేరు విషయంలో ఇంకొక చిక్కుంది. మన ఇంటివాళ్ళు ఊరుకున్నా, పని ఇచ్చేవాళ్ళు ఊరుకోరు. “మేడమ్, డబ్బు సంగతి సార్‌తో మాట్లాడతాం” అంటారు. ఒక కొట్టు యజమాని నేను బిల్లు మీద నా ఖాతా నంబరు రాసి ఇచ్చినా, మావారి నంబరు ఎవరినో అడిగి తీసుకుని దానికి పంపి, “సార్‌కి వేశానమ్మా” అన్నాడు. ఆ డబ్బు వెనక్కి పంపించి, నా ఖాతాలో వేయించుకున్నాను. పిచ్చిపట్టుదల అన్నారు. కాని డబ్బు ఎవరి ఖాతాలో పడితే ఆదాయం వాళ్ళదిగా లెక్కలకు ఎక్కుతుంది. రేపు ఆమె ముద్రా రుణానికి వెళ్ళినా, ఇల్లు కొనడానికి అప్పు అడిగినా, బ్యాంకువాళ్ళు ఆమె ఖాతా చూస్తారు. పదేళ్ళు పని చేసి కూడా “నీ ఆదాయానికి ఆధారం ఏదమ్మా?” అనిపించుకోవాలి.

ఏ దారిన?

ఇప్పుడు దారుల గురించి చెబుతాను. ఏ దారీ పూర్తిగా మంచిది కాదు, పూర్తిగా చెడ్డదీ కాదు. ఒక్కొక్కటి ఒక్కొక్క పనికి పనికొస్తుంది.

మొదటిది చేతి డబ్బు. కోత లేదు, ఆలస్యం లేదు. కాని చేతికి వచ్చింది ఇంట్లో అందరి చేతికీ అందుతుంది. ఆధారం మిగలదు. ఇవ్వలేదని వాళ్ళన్నా, ఇచ్చామని వాళ్ళన్నా మన దగ్గర చూపడానికి ఏమీ ఉండదు. బియ్యం డబ్బాలో దాచుకున్న నోట్లు 2016 నవంబరు 8 తరువాత ఎంతమంది స్త్రీలు ఇంట్లో బయటపెట్టవలసి వచ్చిందో మీకు గుర్తుంది. తప్పనిసరై చేతి డబ్బు తీసుకుంటే రశీదు రాసి, నకలు ఉంచుకుని, ఆ రోజే ఖాతాలో వేసుకోండి.

రెండవది చెక్కు. స్కూళ్ళు, ట్రస్టులు ఇప్పటికీ చెక్కులే ఇస్తున్నాయి. దాని మీద రెండు గీతలు గీసి ఖాతాదారుకే చెల్లేలా రాయించుకోవాలి. పేరు బ్యాంకులో ఉన్నట్టే ఉండాలి. పుట్టింటి పేరు ఒక చోట, అత్తింటి పేరు ఒక చోట ఉంటే చెక్కు తిరిగి వస్తుంది. 2012 ఏప్రిల్ నుండి చెక్కు మూడు నెలలే చెల్లుతుంది. చేసిన పనికి ఇచ్చిన చెక్కు డబ్బు లేక తిరిగొస్తే, ఆ సంగతి తెలిసిన 30 రోజుల్లోగా నోటీసు ఇవ్వాలి. నోటీసు అందిన 15 రోజుల్లో వాళ్ళు కట్టకపోతే, తరువాత ఒక నెలలోగా నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షను కింద కోర్టులో ఫిర్యాదు చేయవచ్చు. ఈ గడువులు దాటిపోకుండా చూసుకోవడమే ముఖ్యం. “రేపు వేస్తానమ్మా” అని వాళ్ళు రోజులు నెట్టేది ఇందుకే.

మూడవది యూపీఐ. 2016లో వచ్చింది. ఇవాళ టీ కొట్టు నుండి నగల కొట్టు వరకు ఇదే. ఖాతా నుండి ఖాతాకు వచ్చే డబ్బులో కోత లేదు, నిమిషంలో వస్తుంది. కాని ఆడవాళ్ళు ఇక్కడ ఒక సంగతి చూసుకోవాలి. చాలా యాప్‌లు మన ఫోన్ నంబరునే యూపీఐ చిరునామాగా పెడతాయి. డబ్బు పంపమని చిరునామా ఇస్తే ఫోన్ నంబరు ఇచ్చినట్టే. సైటు పని అయిపోయి ఆరు నెలలయినా రాత్రి పదకొండింటికి “ఏం చేస్తున్నారు మేడమ్” అని మెసేజీలు వచ్చిన అనుభవం నాకూ ఉంది, నాలాంటి చాలామందికీ ఉంది. యాప్‌లో వేరే చిరునామా పెట్టుకోవచ్చు. నంబరు లేకుండా, వ్యాపారం పేరుతో ఒకటి పెట్టుకోండి. వీలైతే పనికి వేరే సిమ్ము ఉంచుకోండి.

యూపీఐలో మోసాలు కూడా ఎక్కువ. “ఆర్మీలో పనిచేస్తున్నాను, సైటు కావాలి, అడ్వాన్సు పంపుతున్నాను, ఈ కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టండి” అంటారు. డబ్బు పంపడానికే గాని తీసుకోవడానికి పిన్ కొట్టనక్కరలేదు. ఈ ఒక్క వాక్యం మీ సంఘాల్లో ప్రతి స్త్రీకీ చెప్పండి. డబ్బు పంపినట్టు ఫోటో పెడతారు. ఫోటోను కాదు, మన ఖాతాను చూసి నమ్మాలి. “పొరపాటున ఎక్కువ వేశాను, మిగతాది ఇంకో నంబరుకు పంపండి” అని అడిగితే పంపవద్దు. అది ఎక్కడో దోచిన డబ్బయితే పోలీసులు ఆ దారి పట్టుకుని వచ్చి మన ఖాతాను కూడా నిలిపివేయిస్తారు. అలాంటప్పుడు ఇది మన పని తాలూకు డబ్బు అని చూపడానికి బిల్లు, ఒప్పందం ఉండాలి. మోసం జరిగితే వెంటనే 1930కి ఫోన్ చేయాలి.

నాలుగవది నేరుగా బ్యాంకు నుండి బ్యాంకుకు పంపడం. సంస్థలకు ఇదే మంచి దారి. నెఫ్ట్ 2019 డిసెంబరు నుండి ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తోంది. ఖాతా నంబరు ఇవ్వడం ప్రమాదమేమో అని భయపడతారు. ఖాతా నంబరు, ఐఎఫ్‌ఎస్‌సి కోడ్ తెలిసినంత మాత్రాన ఎవరూ డబ్బు తీసుకోలేరు. ఇవ్వకూడనివి పిన్, ఓటీపీ, పాస్‌వర్డు. నా మటుకు నేను 10 వేలు దాటిన ప్రతి పనికీ ఈ దారే అడుగుతాను. పంపినవారి పేరు, తేదీ స్టేట్‌మెంటులో నిలిచిపోతాయి.

అయిదవది పేమెంట్ గేట్‌వే. కార్డుల మీద కట్టేవాళ్ళకు లింకు పంపితే వాళ్ళు కడతారు. కోత సుమారు 2 శాతం, ఆ కోత మీద 18 శాతం జీఎస్టీ. అంటే 25 వేల బిల్లుకు 590 రూపాయలు పోతాయి. నెలనెలా సైటు నిర్వహణకు వెయ్యీ రెండువేలూ కట్టే వాళ్ళు చాలామంది ఉంటే అడిగే బాధ తప్పుతుంది కాబట్టి ఆ కోత భరించవచ్చు. ఒకేసారి పెద్ద మొత్తం ఇచ్చేవాళ్ళ దగ్గర భరించనక్కరలేదు.

ఆరవది విదేశాల నుండి వచ్చే డబ్బు. పేపాల్ ఉంది. 2021 ఏప్రిల్ నుండి అది మన దేశం లోపలి చెల్లింపులు మానేసింది, విదేశీ డబ్బుకు మాత్రం పనికొస్తుంది. కోత 4 శాతానికి పైగా ఉంటుంది, డాలర్లను రూపాయలు చేసేటప్పుడు మారకం రేటులో ఇంకొంత పోతుంది. పైగా డబ్బు కట్టినవారు 180 రోజుల లోపల అభ్యంతరం పెట్టి వెనక్కి అడగవచ్చు. పెద్ద మొత్తమయితే నేరుగా బ్యాంకుకు పంపించుకోవడం మేలు. మధ్యలో ఉన్న బ్యాంకులు తీసుకునే ఖర్చు ఎవరిదో ముందే మాట్లాడుకోవాలి. ఏ పనికి వచ్చిన డబ్బో మన బ్యాంకు అడుగుతుంది. బిల్లు చూపాలి, డబ్బు వచ్చినట్టు బ్యాంకు ఇచ్చే పత్రం దాచుకోవాలి.

స్వచ్ఛంద సంస్థల్లో పనిచేసేవాళ్ళకు విదేశీ డబ్బు అనగానే ఎఫ్‌సీఆర్‌ఏ గుర్తుకొస్తుంది. భయం అక్కరలేదు. మామూలు వ్యాపారంలో చేసిన సేవకు ఫీజుగా వచ్చినది ఆ చట్టం దృష్టిలో విదేశీ విరాళం కాదు. భయపడవలసింది వేరే దానికి. అమెరికాలో ఉన్న మనవాళ్ళు, “మా బావగారు గుంటూరులో ఉన్నారు, ఆయన చేత ఇప్పిస్తాను” అంటారు. అలా అక్కడ డాలర్లు, ఇక్కడ నోట్లు చేతులు మారడం 1999 నాటి విదేశీ మారక చట్టానికి విరుద్ధం. మన పనికి బావగారి దగ్గర చేయిచాచడం మన గౌరవానికీ విరుద్ధం.

ఎప్పుడు?

నేను 40 వేల రూపాయల పని ఒప్పుకుంటే 40 శాతం, అంటే 16 వేలు ముందుగా తీసుకుంటాను. నమూనా చూసి సరేనన్నాక 12 వేలు, పని పూర్తయి అప్పగించే ముందు మిగతా 12 వేలు. అప్పగించేవరకు సైటు నా సర్వరు మీదే ఉంటుంది. పేరు, సర్వరు వాళ్ళ పేరుననే, వాళ్ళ డబ్బుతోనే కొనిపిస్తాను. నా చేతి డబ్బు పెట్టను. ఇవన్నీ రెండు పేజీల కాగితం మీద రాసి సంతకాలు చేసుకుంటాం. ఎన్నిసార్లు మార్పులు చేస్తానో కూడా రాస్తాను. లేకపోతే “ఈ రంగు కొంచెం మార్చండమ్మా” అన్న మాటకు అంతుండదు, ఆ పేరు మీద ఆఖరి చెల్లింపు ఆగిపోతుంది.

ఆడవాళ్ళకు అడ్వాన్సు అడగడం కష్టం. “ఆడపిల్లవు, డబ్బు డబ్బు అంటావేం?” అన్న మాట చిన్నప్పటి నుండి విని ఉంటాం. తాపీమేస్త్రీ అడ్వాన్సు లేనిదే ఇటుక ముట్టుకోడు, వంటవాళ్ళు అడ్వాన్సు లేనిదే పెళ్ళి ఒప్పుకోరు. వాళ్ళను ఎవరూ డబ్బు మనిషి అనరు. నోటితో అడగలేకపోతే కాగితం చేత అడిగించండి. ఒప్పందంలో రాసి ఉన్నది చదివి వినిపించడానికి మొహమాటం ఉండదు.

చట్టం కూడా మనవైపు కొంత ఉంది. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల అభివృద్ధి చట్టం సేవలు చేసేవాళ్ళకూ వర్తిస్తుంది. 2020 జులై నుండి ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉంది. ఆధార్, పాన్ ఉంటే ఉచితంగా చేసుకోవచ్చు. అలా నమోదైన సూక్ష్మ, చిన్న సంస్థకు ఎంత గడువు రాసుకున్నా 45 రోజులు దాటకుండా డబ్బు ఇవ్వాలి. గడువు రాసుకోకపోతే 15 రోజులే. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. రాష్ట్రంలోని ఫెసిలిటేషన్ కౌన్సిల్‌లో ఫిర్యాదు చేయవచ్చు. పని ఒప్పుకునే ముందే నమోదు చేసుకుని ఉండటం మంచిది. ఆ నంబరు బిల్లు మీద వేస్తే సగం మంది అడగకుండానే ఇస్తారు.

ఇంకో ఆయుధం కాపీరైటు. 1957 చట్టం ప్రకారం ఉద్యోగంలో కాక స్వతంత్రంగా చేసిన డిజైను మీద, కోడు మీద హక్కు సాధారణంగా చేసినవారిదే. రాతపూర్వకంగా, సంతకంతో రాసిస్తేనే అది ఇంకొకరికి బదిలీ అవుతుంది. అందుచేత “పూర్తి సొమ్ము ముట్టిన రోజున హక్కులు మీకు బదిలీ అవుతాయి” అని ఒక్క వాక్యం ఒప్పందంలో ఉండాలి. అయితే ఒక హెచ్చరిక. డబ్బు ఎగ్గొట్టారన్న కోపంతో, అప్పగించేసిన సైటులోకి పాత పాస్‌వర్డుతో వెళ్ళి దాన్ని మూసేయడం, చెరిపేయడం చేయకండి. 2000 నాటి ఐటీ చట్టం కింద అది మన మీదికే కేసవుతుంది. బాకీ వసూలుకు దావా వేయడానికి మూడేళ్ళ గడువుంది.

పన్ను గురించి రెండు మాటలు చెప్పి ముగిస్తాను. సంస్థలు ఏడాదికి 50 వేలు దాటి ఇచ్చేటప్పుడు టీడీఎస్ పట్టుకుంటాయి. వృత్తి ఫీజు అయితే 10 శాతం, పాన్ ఇవ్వకపోతే 20. ఆ డబ్బు పోదు. మన పాన్ మీద జమ అవుతుంది, రిటర్ను వేస్తే లెక్కలోకి వస్తుంది, పన్ను లేకపోతే తిరిగొస్తుంది. భర్త పాన్ ఇస్తే ఆయన పేరున జమ అవుతుంది. జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఏడాదికి 20 లక్షలు దాటని సేవలకు తప్పనిసరి కాదు.

ఇంట్లో గొడవ వస్తే?

ఇదంతా విని మీలో ఒకరు అడుగుతారని నాకు తెలుసు. “సొంత ఖాతా అంటే ఇంట్లో గొడవ. దెబ్బలు తినే ఆమెకు ఇది చెప్పవచ్చా?” అని. నిజమే. ఖాతా తెరవడం వల్ల హింస పెరిగే ఇళ్ళు ఉన్నాయి. అలాంటి చోట ఖాతా గురించి ఎప్పుడు, ఎవరికి చెప్పాలో ఆమే నిర్ణయించుకోవాలి. మెసేజీలు ఇంట్లో ఎవరూ తెరవని నంబరుకు వచ్చేలా, కాగితాలు నమ్మకస్తుల దగ్గర ఉండేలా మనం సాయపడాలి. పని తాలూకు డబ్బును లాక్కోవడం ఆర్థిక హింస అని ప్రొటెక్షన్ ఆఫీసరుకు ఇచ్చే ఫిర్యాదులో రాయాలి. చాలాసార్లు మనమే దెబ్బల గురించి రాసి డబ్బు గురించి వదిలేస్తున్నాం.

ఖాతాలో ఆదాయం కనబడితే భరణం రాదన్న భయం కూడా ఉంది. 2020 నవంబరు 4న రజనీశ్ – నేహా కేసులో సుప్రీంకోర్టు ఇద్దరూ తమ ఆదాయం, ఆస్తుల వివరాలు ప్రమాణ పత్రంలో ఇవ్వాలంది. భార్య సంపాదిస్తున్నంత మాత్రాన భరణానికి అడ్డం కాదని కూడా అదే తీర్పులో చెప్పింది. కాబట్టి ఆదాయం దాచమని సలహా ఇవ్వకండి. దాచినది బయటపడితే ఆమె మాటకే విలువ పోతుంది.

మన సంస్థల సంగతి

చివరగా మనలో మనం మాట్లాడుకోవలసిన మాట. నాకు ఆలస్యంగా డబ్బు ఇచ్చినవాళ్ళలో వ్యాపారస్తులే కాదు, స్త్రీల హక్కుల కోసం పనిచేసే సంస్థ ఒకటి కూడా ఉంది. ప్రాజెక్టు నిధులు ఇంకా రాలేదన్నారు. అకౌంటెంటు సెలవులో ఉన్నారన్నారు. ఆఖరుకు, “ఉద్యమం కోసం చేశాననుకో చెల్లీ” అన్నారు. ఉద్యమం కోసం నేను చేయగలను, చేస్తాను కూడా. కాని అది నేను ముందుగా చెప్పి చేసేది. పని అయ్యాక వాళ్ళు నా తరపున నిర్ణయించేది కాదు. ఇంటి చాకిరీకి విలువ కట్టాలని పుస్తకాలు వేసే మనం, ఆ పుస్తకానికి అట్ట వేసిన అమ్మాయికి ఎప్పుడు డబ్బు ఇచ్చామో ఒకసారి లెక్కలు తీసి చూడాలి. 45 రోజుల నిబంధన మన సంస్థలకు కూడా వర్తిస్తుంది. సేవ తీసుకున్నవారెవరైనా ఆ చట్టంలో కొనుగోలుదారే.

కాబట్టి ఈ సమావేశం ముందు మూడు ప్రతిపాదనలు పెడుతున్నాను. ఒకటి, మన సంస్థలు స్వతంత్రంగా పనిచేసే స్త్రీలకు ఇచ్చే ప్రతి పనికీ రాతపూర్వక ఒప్పందం ఉండాలి. అడ్వాన్సు ఇవ్వాలి, ఆఖరి చెల్లింపు పని ముట్టిన 15 రోజుల్లో జరగాలి. రెండు, డబ్బు పనిచేసిన స్త్రీ పేరున ఉన్న ఖాతాలోనే వేయాలి. భర్త, అన్న, తండ్రి ఖాతా నంబరు ఇస్తే ఎందుకని మర్యాదగా అడగాలి, ఖాతా లేకపోతే తెరిపించడానికి తోడు వెళ్ళాలి. మూడు, మన శిక్షణ శిబిరాల్లో కుట్టుపని, కంప్యూటరు నేర్పే చోట బిల్లు రాయడం, ఖాతా నడపడం, బాకీ అడగడం కూడా నేర్పాలి. పని నేర్పి డబ్బు తీసుకోవడం నేర్పకపోతే ఇంట్లో ఇంకొకరికి ఆదాయం చూపినట్టే అవుతుంది.

నేను వాడే ఒప్పందం కాగితం, బిల్లు నమూనా తెలుగులో రాసి ప్రతులు తెచ్చాను. బల్ల మీద ఉన్నాయి. మీ సంస్థకు తగినట్టు మార్చుకుని వాడుకోండి. వీటి మీద మీ అభ్యంతరాలు, అనుభవాలు చెబితే ఇంకా మెరుగుపరచుకుందాం.